ముందు సీట్లో లిందానీ

ఎషోవే,
6 మే 2001

బాస్ బారెండ్ కెంప్ గారికి,

ఎల్ఫాస్ ఎంబాతా నమస్కారాలు. మీ వ్లాక్‌డ్రిఫ్ట్ పొలంలో ఇరవై రెండేళ్లు ఆవుల పాలు పిండిన ఎల్ఫాస్‌ని. ఉత్తరం ఎవరిదో తెలియగానే పొయ్యిలో పడెయ్యాలనిపిస్తే పడెయ్యండి గాని, రెండో పేజీ దాకా చదివి పడెయ్యండి. మొదటి పేజీ అంతా కుశలప్రశ్నలే. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్ మధ్యలో పెట్టేస్తారు, ఉత్తరం అలా పెట్టెయ్యలేరు.

నేను బాగున్నాను. ఇక్కడికి వచ్చాక పన్నెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి పోయినేడు మానేశాను. ఆవులకంటే ప్రయాణికులు నయం, తన్నరు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురు జిబుయీలె నర్సయింది. మా అక్క తోలకేలె మీకు గుర్తుండే ఉంటుంది, డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా ఊళ్లో అందరి మీదా అరుస్తూనే ఉంది. మీ ఇంటావిడ హెస్టర్ అమ్మగారు పోయారని డండీ బస్సు డ్రైవరు చెప్పాడు. మంచి మనిషి. చలికాలం మా పిల్లలకి స్వెట్టర్లు అల్లి ఇచ్చేవారు, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

ఇక రెండో పేజీ. మీరు పొలాన్ని కలప కంపెనీకి అమ్మేస్తున్నారని కూడా ఆ డ్రైవరే చెప్పాడు. కంగారు పడకండి, నేను భూమి అడగడానికి రాయడం లేదు. లాయరుని పెట్టలేదు. నాకు కావలసింది నా కొడుకు.

పదమూడేళ్ల కిందట ఫిబ్రవరి వరదలో మా లిందానీ మీ పికప్ బండి తోలుకుంటూ నది దాటే రేవులో దిగి, తనూ పోయి, పక్కన కూర్చున్న మీ అబ్బాయి డ్రీస్‌నీ తీసుకుపోయాడు. ఇద్దరికీ పదిహేడేళ్లు. దానికి నేను అప్పుడే మీ గడప ముందు మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగాను. మా పద్ధతి ప్రకారం మేకని ఇచ్చాను, మీరు తీసుకున్నారు. నెల తిరగ్గానే మమ్మల్ని పొలం విడిచి పొమ్మన్నారు, మళ్లీ గేటు దాటవద్దన్నారు. దాని మీద నాకు మాట లేదు. కొడుకుని పోగొట్టుకున్నవాడు ఏమైనా అంటాడు. కానీ వాడి శరీరాన్నే మేం ఎషోవే తెచ్చి పూడ్చుకున్నాం. మనిషి అక్కడే నీళ్లలో ఉన్నాడు. పోయిన చోటికి కొమ్మ పట్టుకుని వెళ్లి, పిలిచి, ఇంటికి తెచ్చుకోవాలని మా ఆచారం మీకూ తెలుసు. మనిద్దరం దూడల్ని కాసిన రోజుల్లో చూశాం కదా.

అక్టోబరులో జిబుయీలె పెళ్లి. అన్న ఇంట్లో లేకుండా పెళ్లిపాట ఎత్తుకోనని మా అక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కంపెనీ గేటు మూసేలోపు ఒక్క పూట రేవు దగ్గరికి రానివ్వండి. అంతే అడుగుతున్నాను.

ఎల్ఫాస్ ఎంబాతా

తా.క. మేక ఎలా ఉంది?


వ్లాక్‌డ్రిఫ్ట్, డండీ,
19 మే

ఎల్ఫాస్,

నీ ఉత్తరం అందింది. పొయ్యిలో వెయ్యలేదు. నా పొయ్యి కరెంటుది.

రావచ్చు. గేటు తాళం తీసి ఉంచుతాను. ఆదివారం వద్దు, చర్చి ఉంటుంది. ఆగస్టు 31న పొలం కంపెనీ చేతికి పోతుంది, ఈలోపు ఎప్పుడైనా రా. నేను మార్గేట్‌లో సముద్రం పక్కన నాలుగో అంతస్తు ఇంట్లోకి పోతున్నాను. మా అమ్మాయి చూసి పెట్టింది. బాల్కనీలో రెండు పూలకుండీలు పెట్టుకోవచ్చట. నాలుగు వందల హెక్టార్లు దున్నినవాడికి రెండు కుండీలు.

మేకని కోయలేదు. హెస్టర్ కోయనివ్వలేదు. అది తొమ్మిదేళ్లు బతికి, ఆవిడ గులాబీలన్నీ తిని, ముసలిదై పోయింది. చివర్లో వంటింట్లో పడుకునేది. దాని సంగతి ఇక రాయకు.

నువ్వొచ్చినప్పుడు నేను రేవు దగ్గర ఉండను. పని చూసుకుని వెళ్లు.

బి. కెంప్

తా.క. స్వెట్టర్ల సంగతి నిజమే. నాకూ అలాగే అల్లేది.


ఎషోవే ఆసుపత్రి,
8 జూన్

బాస్ కెంప్ గారికి,

మీ దయకి కృతజ్ఞుణ్ణి. కానీ చూడండి నా గతి. పన్నెండేళ్లలో లక్షమందిని చెయ్యి పట్టుకుని బస్సు దింపాను. మొన్న నేనే ప్రయాణికుడిగా ఎక్కి, కొత్త కండక్టరమ్మకి టికెట్ చింపే పద్ధతి నేర్పుతూ, మెట్టు చూసుకోకుండా దిగాను. తుంటి విరిగింది. ఆవిడ మాత్రం టికెట్ చక్కగా చింపింది. మూడు నెలలు ప్రయాణాలు వద్దన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఈ పనికి తగిన మగవాడు ఇంకొకడే, మా అన్న కొడుకు. వాడు బంగారు గనిలో ఉన్నాడు, డిసెంబరు దాకా సెలవు లేదు.

నా బస్సులో వారానికొకరైనా కొమ్మ పట్టుకుని ఎక్కేవారు. కొమ్మకీ టికెట్ కొట్టాలి, సీటు ఇవ్వాలి, అది పోయినవాళ్ల సీటు. ఒకసారి ఓ లావుపాటావిడ ఖాళీ అనుకుని కొమ్మ మీద కూర్చుంది. అది ముళ్లరేగు. చచ్చినవాడు లేచాడో లేదో గాని, ఆవిడ మాత్రం లేచింది. అంతమంది చచ్చినవాళ్లకి టికెట్ కొట్టినవాణ్ణి, నా కొడుక్కి ఒక్కటి కొట్టలేకపోతున్నాను.

డిసెంబరు దాకా రేవు వైపు కంచె వెయ్యకుండా ఆ కంపెనీవాళ్లతో ఒక మాట చెప్పగలరా? మీరు చెబితే వింటారు. మేం చెబితే ఫారం నింపమంటారు.

ఎల్ఫాస్


వ్లాక్‌డ్రిఫ్ట్,
22 జూన్

ఎల్ఫాస్,

అడిగాను. నాక్కూడా ఫారమే ఇచ్చారు. ఏం కారణమని రాయాలో నాకు తెలియలేదు, ఆ కౌంటరు అమ్మాయికీ తెలియలేదు. సెప్టెంబరు ఒకటిన కంచె వేసి, రేవు దాకా నీలగిరి చెట్లు నాటేస్తారట. ఇందులో మార్పు లేదు.

నా దగ్గర బండి ఉంది. ఎషోవేకి దారి తెలుసు. నేను తీసుకొస్తే మీ పద్ధతి ఒప్పుకుంటుందా? నవ్వొస్తే నవ్వుకో.

మీ తాతని కొండ అవతల్నించి తెచ్చినప్పుడు మనకి ఎనిమిదేళ్లు. ఆ కొమ్మ వెనకాలే మనిద్దరం నడిచాం. దారిలో నేను మాట్లాడానని మీ అమ్మ నా చెవి మెలేసింది. ఆ తర్వాతే మా నాన్న నన్ను హాస్టల్లో పడేశాడు. సెలవులకి తిరిగొచ్చేసరికి నువ్వు నన్ను చిన్న బాస్ అంటున్నావు. అలా అనమని నీకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. బాగానే ఉందనుకున్నాను.

ఇంట్లోవాళ్లని అడిగి రాయి.

బారెండ్ కెంప్


ఎషోవే,
10 జూలై

బాస్ బారెండ్ గారికి,

నవ్వుకున్నాం. మా అక్క తలుపు పట్టుకుని నవ్వింది, కూర్చుని నవ్వింది, చివరికి జిబుయీలె మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. "కెంపా? కొమ్మ పట్టుకునా? ముళ్లరేగు కనిపిస్తే చాలు, గొడ్డలి తెమ్మని గోల చేసేవాడు కదరా వాడు. వాడికి ఏ చెట్టు కొమ్మనిస్తుంది?" అంది. తర్వాత మూడు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నాలుగో రోజు సంకటి కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఒరే, దూడల్ని కాసే రోజుల్లో వాడు మనింట్లో సంకటి తిన్నాడా లేదా?"

"తిన్నాడు."

"ఎన్నాళ్లు?"

"మూడేళ్లు. నా వాటా కూడా తినేవాడు."

"అయితే మన పెద్దలకి వాడి మొహం తెలుసులే. వాడే తేనీ."

కాబట్టి మీకు అనుమతి వచ్చింది. ఇక నియమాలు. ముళ్లరేగు కొమ్మే తేవాలి, ఇంకో చెట్టుది పనికిరాదు. ఒక ముల్లు ముందుకి, ఒక ముల్లు వెనక్కి తిరిగి ఉంటుంది, చూసుకుని కోయండి. దారి పొడుగునా ఎవరితోనూ మాట్లాడకూడదు, వాడితో తప్ప. వాడితో మాత్రం ఆపకుండా మాట్లాడాలి. వంతెన వస్తే వంతెన అని, మలుపు వస్తే మలుపు అని చెప్పాలి, లేకపోతే దిగి ఉండిపోతాడు. రేడియో పెట్టకూడదు. బబనాంగోలో ఆగి మాంసం పఫ్ తినకూడదు, మీ సంగతి నాకు తెలుసు. కొమ్మని బండి వెనక తొట్టిలో వెయ్యకూడదు, ముందు సీట్లో కూర్చోబెట్టాలి. మీ బండిలో మీ పక్కన ముందు సీట్లో మావాళ్లెవరూ ఎన్నడూ కూర్చోలేదు. వానొచ్చినా, సీటు ఖాళీగా ఉన్నా వెనకే నిలబడ్డాం. ఇది మీకు కొత్త, వాడికీ కొత్తే. సర్దుకోండి.

అన్నింటికంటే ముఖ్యమైంది రేవు దగ్గర. వంశం పేరుతో "లిందానీ, షాండూ" అని పిలవాలి. ఎలా పోయాడో జరిగింది జరిగినట్టు వాడికి బిగ్గరగా చెప్పాలి. ఆ తర్వాతే ఇంటికి రమ్మనాలి. అక్క మాట చెబుతున్నాను: "చచ్చినోడి దగ్గర మాట మార్చకూడదు. ఆడు అక్కడే ఉన్నాడు, అంతా చూశాడు. ఒక్క ముక్క తేడా వచ్చినా కదల్డు."

మీకిది కష్టం కాదు. బండి తోలింది నువ్వే, నది పొంగింది, డ్రీస్ కూడా పోయాడు, ఇప్పుడు నీ మీద ఎవరికీ కోపం లేదు అనండి చాలు. చివరి మాట నిజమైతేనే అనండి.

ఎల్ఫాస్


వ్లాక్‌డ్రిఫ్ట్,
24 జూలై

ఎల్ఫాస్,

నేను రాలేను. మోకాలు బాగాలేదు, సామాన్లు కూడా సర్దాలి. ఇంకెవరినైనా చూసుకో. గేటు తాళం తీసే ఉంటుంది.

బి. కెంప్


ఎషోవే,
31 జూలై

బాస్ కెంప్ గారికి,

జూన్‌లో మీ మోకాలు బాగానే ఉంది. బండికి మోకాలుతో ఏం పనో కూడా నాకు అంతుపట్టలేదు. తుంటి విరిగినవాడి దగ్గర మోకాలు సాకు చెప్పడానికి ధైర్యం ఉండాలి.

మీకు చెప్పని మాట ఒకటి ఉంది. నేను ఒకసారి వచ్చాను. పందొమ్మిది వందల తొంభైలో, డండీ బస్సు మీద డ్యూటీలో ఉన్నప్పుడు. రేవుకి పైనున్న వంతెన మీద బస్సు ఆపించి, దిగి, కొమ్మ పట్టుకుని నదికేసి అరిచాను. బస్సులో నలభైమంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వాడికి ఏమని చెప్పానో తెలుసా? "చక్రం పట్టుకోవడం రానివాడివి ఎందుకు పట్టుకున్నావురా, పరాయివాళ్ల బిడ్డని చంపావు కదరా, మీ అమ్మ తలెత్తుకోలేకపోతోంది, జరిగిందేదో జరిగింది, ఇంటికి రా" అన్నాను. కొమ్మకి టికెట్ కొట్టి ఇంటికి తెచ్చాను. వాడు రాలేదు. అక్కకి కలలో నీళ్లలో నిలబడి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వంతెన మీద నుంచి పిలిచినందుకేమో అనుకున్నాను. వాడికి బండి తోలడం ఎప్పుడొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మీకు వాడి మీద ఇంకా కోపముంటే ఆ మాటే రాయండి. నేను తప్పు పట్టను. మీరూ కొడుకుని పోగొట్టుకున్నవారే. మోకాలు అని మాత్రం రాయకండి.

ఎల్ఫాస్


వ్లాక్‌డ్రిఫ్ట్,
6 ఆగస్టు

ఎల్ఫాస్ ఎంబాతా గారికి,

లిందానీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. బండి తోలింది లిందానీ కాదు, డ్రీస్.

ఆ మధ్యాహ్నం నదికి అవతల ఉన్న పశువులకి ఉప్పు వేసి రమ్మని డ్రీస్‌ని నేనే పంపాను. నీళ్లు పెరుగుతున్నాయి నాన్నా అన్నాడు. నువ్వేమైనా ఆడపిల్లవా అన్నాను. తాళాలు వాడి మీదకి విసిరాను. వాడు నాతో అన్న చివరి మాట సరే అని.

గంట తర్వాత నేనే వెళ్లి చూశాను. బండి బోల్తా పడి రాళ్లకి ఆనుకుని ఉంది. డ్రీస్ స్టీరింగు వెనక ఇరుక్కుని ఉన్నాడు. ఎడమవైపు తలుపు తెరిచి ఉంది. మీవాడు ఆ తలుపులోంచి బయటపడ్డాడు, ఎల్ఫాస్ గారూ. ముందు సీట్లోనే కూర్చున్నాడు, డ్రీస్ పక్కన. నాకు కనపడనంత దూరంలో వాళ్లెప్పుడూ అలాగే కూర్చునేవారేమో. బయటపడ్డవాడు ఈదుకుంటూ గట్టుకి పోవచ్చు. పోలేదు. చుట్టూ తిరిగి డ్రీస్ వైపు వచ్చాడు. వాడి చెయ్యి డ్రీస్ చొక్కా కాలరు పట్టుకుని ఉంది. ఆ వేళ్లని నేనే విడదీశాను.

ఇద్దరినీ గట్టు మీదకి చేర్చాను. సార్జెంటు వచ్చి ఎవరు తోలారని అడిగాడు. డ్రీస్ అంటే, ఎవరు పంపారని అడుగుతాడు. హెస్టర్ అడుగుతుంది. ఎంబాతావాళ్ల పిల్లాడు అన్నాను. ఇంకో ప్రశ్న అడగలేదు. నేను తెల్లవాణ్ణి, నేను చెప్పింది నల్లపిల్లాడి గురించి. రాసుకుని వెళ్లిపోయాడు. మూడో రోజు మీరు మేకని తీసుకొచ్చారు. మిమ్మల్ని రోజూ చూడలేకే పొమ్మన్నాను, కోపంతో కాదు.

హెస్టర్‌కి ఆఖరి దాకా చెప్పలేదు. రేవు దగ్గర నిజం చెప్పాలని మీరు రాశారు. మీకు చెప్పకుండా వాడికి చెప్పలేను. మీకు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే మోకాలు.

బారెండ్ కెంప్


ఎషోవే,
17 ఆగస్టు

బారెండ్,

మొదటిసారి చదివి ఉత్తరాన్ని మడిచి దిండు కింద పెట్టాను. రెండోసారి చదివి కర్రతో గోడని కొట్టాను. కర్ర విరిగింది. అది ఆసుపత్రివాళ్లది. జిబుయీలె కొత్తది తెచ్చేదాకా రెండు రోజులు మంచం మీదే ఉన్నాను కాబట్టి, మూడోసారీ నాలుగోసారీ చదవడానికి తీరిక దొరికింది.

నీ గడప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను కదరా. నువ్వు చూస్తూ నిలబడ్డావు. మేక తాడు చేతికిస్తే పట్టుకున్నావు. నా భార్య తొమ్మిదేళ్లు ఊళ్లో తలొంచుకుని నడిచి, అలాగే పోయింది. ఆవిడకి నేనిప్పుడు ఎక్కడికెళ్లి చెప్పను? నిన్ను క్షమించానని రాయడం లేదు. అది ఇప్పుడు నా దగ్గర లేదు. వస్తుందో రాదో కూడా తెలియదు.

కానీ నిన్ను తిట్టబోతే నా నోరే నాకు అడ్డం వస్తోంది. వాడి తండ్రిని నేను. వాడికి బండి తోలడం రాదని నాకు తెలుసు. చేపలా ఈదేవాడు గట్టు పక్కన ఎలా మునిగాడా అని మొదటి రోజే అనిపించింది. అయినా నమ్మాను, తెల్లవాడు చెప్పాడు కాబట్టి. నమ్మడమే కాకుండా వంతెన మీదెక్కి నలభైమంది ముందు వాణ్ణి తిట్టాను. వాడు తల అడ్డంగా ఎందుకు ఊపాడో ఇప్పుడు తెలిసింది. అక్కకి చెప్పాను. "మంచి పిల్లోడురా. నువ్వే ఎదవ్వి" అంది. నువ్వంటే నువ్వు కాదు, నేను.

కాబట్టి నాకు ముందు వేరే పని ఉంది. వాణ్ణి నేను క్షమాపణ అడగాలి. నా కాలు కట్టులో ఉంది. నా మాట మోసుకెళ్లడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు, నా ఖర్మ. ఆగస్టు 25, శనివారం. అక్క విందుకి మేకల్ని చూసి పెట్టింది. కింద రాసింది వాడికి. నీ కథ నువ్వు చెప్పాక, ఇది నా గొంతుగా చదువు.

లిందానీ, షాండూ, నేను మీ నాన్నని. చెయ్యని పనికి నిన్ను తిట్టాను. పరాయి మాట నమ్మాను. నువ్వు తిరిగి వెనక్కి వెళ్లావని ఇప్పుడే తెలిసింది. నువ్వు వెళ్లకుండా ఉంటే బాగుండుననే నాకనిపిస్తోంది, అబద్ధమాడను. కానీ వెళ్లావు. నన్ను మన్నించి ఇంటికి రా.

ఎల్ఫాస్


వ్లాక్‌డ్రిఫ్ట్,
28 ఆగస్టు

షాండూ గారికి,

శనివారం మీతో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. కొమ్మ లోపల పెట్టేదాకా మాట్లాడకూడదు, పెట్టాక ఎవరూ పాటలు ఆపలేదు. అందుకే రాస్తున్నాను.

ముళ్లరేగు కోసం రెండు రోజులు వెతికాను. అన్నీ నేనే కొట్టించాను కదా. చివరికి కోళ్ల గూడు వెనక ఒకటి దొరికింది. మేక గులాబీల జోలికి రాకుండా హెస్టర్ కంచెగా పెంచుకున్నట్టుంది. ఆవిడ ఎలా పెంచిందో నేను ఇన్నేళ్లూ చూడలేదు.

రేవులో మోకాళ్ల లోతు దిగాను. మోకాలు బాగానే పనిచేసింది. చెప్పాను. డ్రీస్ తోలాడు, నేను పంపాను, నువ్వు బయటపడి మళ్లీ వెనక్కి వెళ్లావు, నేను నీ మీద అబద్ధమాడాను అన్నాను. బిగ్గరగా చెప్పమన్నారు కాబట్టి బిగ్గరగానే చెప్పాను. అవతలి గట్టు మీద కంపెనీ మనుషులు ఆరుగురు కంచె స్తంభాలు దించుతున్నారు. పని ఆపి టోపీలు తీశారు. వాళ్లకి వినిపించే ఉంటుంది, వినిపించనీ. తర్వాత మీ మాట చదివాను. రెండుసార్లు చదివాను.

కొమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. నేను పుట్టాక అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. వంతెనలు, మలుపులు అయిపోయాక ఏం చెప్పాలో తెలియక వర్షాల సంగతి, పాల ధర చెప్పాను. బబనాంగోలో ఆగలేదు. వాసన మాత్రం వచ్చింది, ఆ సంగతి కూడా వాడికి చెప్పాను.

మెల్మత్ దాటాక ట్రాఫిక్ పోలీసామె ఆపింది. లైసెన్సు, ఎక్కడికి, ఎక్కడి నుంచి అంది. నేను జవాబు చెప్పకూడదు. ఆమెకి కోపం వచ్చింది. "ఏం తాతా, నల్లదానితో మాట్లాడరా మీరు?" అంది. నేను వేలితో పక్క సీటు చూపించాను. ఆమె వంగి కొమ్మని చూసింది, బెల్టు చూసింది, నన్ను చూసింది. టోపీ తీసింది. కొమ్మతో "నిదానంగా వెళ్లు నాన్నా" అంది. నాతో మాత్రం "వెనక లైటు ఒకటి వెలగడం లేదు తాతా, చేయించుకోండి" అంది. ఆ తర్వాత రోడ్డు నాకు సరిగ్గా కనపడలేదు. బండి పక్కకి తీసి ఆపి, ఎందుకు ఆపానో లిందానీకి చెప్పాను.

మీ అక్కగారు గేటు దగ్గర కొమ్మని తిప్పి తిప్పి ముళ్లన్నీ చూసి "ఆలస్యం చేశావు" అన్నారు. నన్నో, వాణ్ణో తెలియలేదు. మీరు నాకు మాంసం పళ్లెం ఇచ్చి మొహం పక్కకి తిప్పుకున్నారు. మాంసం బాగుంది. చీకటి పడకముందే బయల్దేరాను, ఆ లైటు వల్ల.

శుక్రవారం తాళాలు ఇచ్చేస్తాను. మార్గేట్ చిరునామా కవరు మీద రాశాను.

బారెండ్

తా.క. బండిలో నా కోటు కింద ఒక కొమ్మముక్క ఉండాలి. దారిలో ఎక్కడో పడిపోయినట్టుంది. ఏం ఫర్వాలేదు.


ఎషోవే,
9 సెప్టెంబరు

బారెండ్‌కి,

ముందు అక్క తీర్పు. కొమ్మ సరైనదే తెచ్చావట, సంకటి తినే పద్ధతి మర్చిపోలేదట, పాటలో మాత్రం ఆవు ఈనుతున్నట్టు గొంతు కలిపావట. పెళ్లికి పాడొద్దంది.

వాడొచ్చాడు. శనివారం తర్వాత అక్కకి కల రాలేదు. పదమూడేళ్లలో మొదటిసారి బారెడు పొద్దెక్కేదాకా పడుకుంది, మేం భయపడి లేపాం, తిట్లు తిన్నాం. నేను కొమ్మ పెట్టిన మూల కూర్చుని వాడితో రోజూ కాసేపు మాట్లాడుతున్నాను. మీ అమ్మకి నువ్వే చెప్పరా అన్నాను. చెప్పే ఉంటాడు.

నువ్వు ఉత్తరంలో అన్నీ రాశావు, ఒకటి తప్ప. అందరూ పశువుల దొడ్డి దగ్గర ఉన్నప్పుడు, ఎండగా ఉందని నీ కోటు విప్పి బండిలో పెట్టొచ్చావు కదా. సాయంత్రం చలేస్తుందని జిబుయీలె దాన్ని తేవడానికి వెళ్లింది. కోటు కింద రెండో కొమ్మ ఉంది, నీ సీటుకీ లిందానీ సీటుకీ మధ్యన. ముట్టుకోకుండా వచ్చి అక్కతో చెప్పింది. అక్క చేతికర్ర కూడా తీసుకోకుండా పరిగెత్తినంత పని చేసింది. "ఇది ఆ పిల్లోడే కదే. బిడ్డని బండిలో వదిలేసి లోపల మాంసం తింటున్నాడా ఈ మనిషి?" అని కొమ్మని దుప్పటిలో చుట్టుకుని లోపలికి తెచ్చింది. లిందానీ కొమ్మ పక్కన పెట్టి, "డ్రీస్, దా నాన్నా. వీడు నీకోసం వెనక్కొచ్చినోడు, ఇద్దరూ ఇక్కడే ఉండండి" అంది. నీకు చెప్పొద్దంది. "వాడే అడగాలి" అంది. ఏం ఫర్వాలేదు అని రాశావు చూడు, అది అడగడమే.

పాస్టరు ఏమంటాడో అని దాచావా, నేనేమంటానో అనా? వాణ్ణి ఎక్కడికి తీసుకుపోదామనుకున్నావు, నాలుగో అంతస్తుకా? పదిహేడేళ్లవాడు రెండు కుండీల మధ్య ఏం చేస్తాడు? ఇక్కడ వాడికి తోడుంది. జొన్నబీరు పోసినప్పుడల్లా రెండు గిన్నెలు పెడుతున్నాం. నీ పాలధర కబుర్లు వాడూ విన్నాడు పాపం, మధ్యలో కూర్చుని.

క్షమించానా అని నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. పొద్దున టీ తాగేదాకా క్షమించే ఉంటాను. తర్వాత మేక తాడు గుర్తొస్తుంది, నీ మోకాలు నిజంగానే విరగ్గొట్టాలనిపిస్తుంది. మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఇలా సాగుతోంది. నువ్వు ఎదురుగా ఉంటే తొందరగా తేలుతుందేమో. కొత్త కర్ర గట్టిదే.

అక్టోబరు ఆరున పెళ్లి. ముందు రోజే రా, బెంచీలు మొయ్యాలి. గేటు దగ్గర పెళ్లికొడుకు వైపువాళ్లు నిలబడి ఉంటారు. తెల్లవాడివి, ఎవరు నువ్వని అడుగుతారు. కెంప్ అని చెప్పకు, పొలం పేరు చెప్పకు, ఆ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. డ్రీస్ వాళ్ల నాన్నని అని చెప్పు. లోపలికి పంపిస్తారు. వాడు ఇక్కడ అందరికీ తెలుసు.

ఎల్ఫాస్